పైపు మీద నల్ల పాలిష్

పోయిన వారం మనం పానాను పడవల షెడ్డులో, పొగ పైపు ముందు గొంతుక్కూర్చోబెట్టి, చేతికి కత్తి ఇచ్చి వచ్చేశాం. కత్తి మొన రబ్బరుకి తగిలీ తగలకముందే వెనకనుంచి ఎవరో ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని "కొయ్యొద్దు" అన్నారు. అక్కడితో నాకు ఇచ్చిన పేజీ అయిపోయింది. ఆ చెయ్యి ఎవరిదని వారమంతా నన్ను తిట్టుకున్నవాళ్లకు ఇంక దాచను. అది బావది.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. పానా అనేది ఆ అమ్మాయికి పెట్టిన పేరు కాదు. పాకే వయసులో బొమ్మలిస్తే విసిరేసి నాన్న పానాలు నోట్లో పెట్టుకునేదట, అందుకని అదే పేరైపోయింది. ఇప్పుడు ఇంజను విప్పి మళ్లీ బిగించగలదు, నాన్న తర్వాత ఆ షెడ్డులో ఆమే. నాన్నను అందరూ పెద్దమేస్త్రి అంటారు. స్టోరు తాళాలు పెద్ద కూతురి దగ్గర ఉంటాయి. ఆమెను కట్టుకున్న బావ వచ్చేపోయేవాళ్లతో మాట్లాడే పని చూస్తాడు. మాటలకు ఆయన దగ్గర లోటుండదు.

పెద్దమేస్త్రి పెట్టిన పద్ధతి ఒకటుంది. ఇంజను పడవ కడుపులో ఉంటే దాని పొగ క్యాబిన్ కిందుగానే వెనక్కి వెళ్లాలి. అందుకని పొగ పైపు బిగించినవాడే, పడవ మొదటిసారి నీళ్లలో తిరిగేటప్పుడు తలుపులూ కిటికీలూ మూసుకుని క్యాబిన్‌లో కూర్చోవాలి. "మన పని మీద మనకే నమ్మకం లేకపోతే, పక్కవాడి పెళ్లాం పిల్లల్ని అందులో ఎలా కూర్చోబెడతాంరా?" అంటాడు ఆయన. లాయరు గారి తెల్ల పడవకు పైపు బిగించింది పెద్దమేస్త్రే. కూర్చోవాల్సిందీ ఆయనే. కానీ ఆ రోజు అక్క ఎన్నడూ లేనిది పంతం పట్టి, "నువ్వు దిగు నాన్నా, ఇవాళ నేను కూర్చుంటా" అని లోపలికెళ్లి తలుపు వేసుకుంది. లాయరు గారు తనే నడుపుకుంటూ ఒక చుట్టు తిప్పి తీసుకొచ్చి తలుపు తీస్తే, అక్క బల్ల కింద నేల మీద పడి ఉంది. ఆస్పత్రివాళ్లు విషగాలి పీల్చిందన్నారు. ప్రాణం దక్కింది గానీ మాట ఇంకా ముద్దముద్దగానే వస్తోంది.

ఆ తర్వాత అందరి వేళ్లూ ఒకే వైపు తిరిగాయి. "పెద్దాయనా, మీ చెయ్యి వణుకుతోంది. పైపుకి క్లిప్పు సరిగ్గా బిగిసి ఉండదు. ఇక చాలించండి" అని లాయరు గారు పనివాళ్లందరి ముందూ అన్నారు. ఆ మాటకు నాన్న తల దించుకోవడం చూసింది పానా. ఆయన తల దించుకోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. అందుకే విప్పిన పైపును కోసి చూడాలని పట్టుబట్టింది.

ఇక కథలోకి రండి. బావ ఆమె మణికట్టు ఇంకా వదల్లేదు.

"చెయ్యి తియ్యి బావా."

"పానా, నా మాట విను. లాయరు గారు మనిషిని పంపిస్తానన్నారు కదా. అతనొచ్చి చూసేదాకా పైపు ముట్టుకోకూడదు. రేపు మనమే ఏదో చేశామంటారు."

"ఆయన మనిషి వచ్చి ఏం చూస్తాడు? పైపు పైనుంచి చూసి, బాగానే ఉంది, బిగింపులోనే లోపం అని రాసుకుని పోతాడు. నాన్న పని అంతటితో సరి. నీకది సమ్మతమేనా?"

మామూలుగా బావ మాట్లాడుతుంటే మధ్యలో దూరడానికి సందు దొరకదు. అలాంటిది నుదురు తుడుచుకుంటూ, గుమ్మం వైపు చూస్తూ, "దీన్ని తీసుకెళ్లి నీళ్లలో పారేద్దాం. పీడా పోతుంది. అక్క బతికింది, అది చాలదా మనకి?" అన్నాడు.

"ఒకసారేమో ముట్టుకోకూడదంటావు. ఒకసారేమో పారేద్దామంటావు. ఏదో ఒకటి చెప్పు బావా."

ఆమె చెయ్యి విదిలించుకుంది.

ముందు పైపును ఒళ్లో పెట్టుకుని రెండు కొసలూ చూసింది. క్లిప్పులు బిగిసిన గుర్తులు రబ్బరు మీద అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. ఒక్కో కొసకు రెండేసి. ఒకదాని స్క్రూ కుడికి, రెండోదాని స్క్రూ ఎడమకి. ఒకే వైపు పెడితే రెండూ ఒకే చోట వదులవుతాయని నాన్న భయం. క్లిప్పులు తిరగేసి చూసింది, స్క్రూతో సహా తుప్పు పట్టని ఉక్కే. కొస లోపల చెయ్యి పెట్టి రాస్తే జిడ్డు తగల్లేదు. రబ్బరుకు నూనె పడదు కాబట్టి పైపు ఎక్కించడానికి ఆయన సబ్బు నీళ్లు తప్ప ఇంకోటి వాడడు. వంపు దగ్గర పైపు జారిపోకుండా పట్టీ వేసిన చార కూడా ఉంది. ఇంత శుభ్రంగా బిగించిన చెయ్యి వణికిందని అన్నందుకు లాయరు గారి మీద ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"చూడు. ఎక్కడ వదులైందో చూపించు. నాన్న బిగింపు రాయిలా ఉంది."

బావ చూడలేదు.

అప్పుడు కోసింది. రబ్బరు మధ్యలో తీగ చుట్టిన పైపు అది, మామూలు కత్తికి లొంగదు. పై పొర కత్తితో చీల్చి, తీగను కటింగ్ ప్లయర్‌తో తుంచుకుంటూ, కొస నుంచి వంపు దాకా నిలువుగా తెరిచింది. తెరిచి రెండు పక్కలా విడదీసి పట్టుకుంది. పట్టుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి.

లోపలి పొర ఊడి వచ్చేసింది. అరచేతి వెడల్పు రబ్బరు నాలుక ఒకటి గోడ నుంచి లేచి, పైపు గొంతుకు అడ్డంగా వాలి ఉంది. దాని చుట్టూ లోపలంతా నల్లగా మాడి, పెచ్చులు పెచ్చులుగా లేచింది. చల్లగా ఉన్నప్పుడు ఆ నాలుక గోడకు అతుక్కునే ఉంటుంది. ఇంజను వేడెక్కి పొగ జోరు పెరిగితే లేచి దారి మూసేస్తుంది. వెనక్కి పోవాల్సిన పొగ ఇంకో దారి వెతుక్కుంటుంది.

ఆ దారి కూడా కనిపించింది. వంపు దగ్గర, బయటి వైపు, సన్నని బీట. దాని మీద వేలు పెట్టి రాసేసరికి వేలికి నల్లగా అంటుకుంది. రబ్బరు నలుపు వేలికి అలా అంటదు. ఆమె వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. రోజూ పొద్దున బావ గుమ్మంలో కూర్చుని బూట్లు తుడుచుకుంటుంటే వచ్చే వాసన.

"పాలిష్" అంది పానా. "బూటు పాలిష్ ఇది. పాత పైపుకి పాలిష్ పూశారు."

ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. గుడ్డ తీసుకుని పైపు పొడుగునా రుద్దింది. కొత్తదానిలా నిగనిగలాడుతున్న నలుపు గుడ్డకు వచ్చేసి, కింద బూడిద రంగు రబ్బరు బయటపడింది. ఇంకా గట్టిగా రుద్దితే ఆ బూడిద రంగు మీద ఒక తెల్ల గీత కనిపించింది. పైపు విప్పేసి పక్కన పెట్టేటప్పుడు, అది పనికిరాదని నాన్న రంగుతో గీసే గీత అది.

ఆ పైపు ఎక్కడిదో ఆమెకు తెలుసు. వానలకు ముందు ఒక పెద్ద పడవ వచ్చింది. నీళ్లు లాగే పంపు పాడైపోయినా చూసుకోకుండా నడుపుకొచ్చారు. పొగను చల్లబరిచే నీళ్లు లేక పైపు లోపల కాలిపోయింది. బయట మాత్రం చెక్కుచెదరలేదు. నాన్న ఆ పైపు విప్పి, తెల్ల గీత గీసి, "దీన్ని ఇప్పుడే నిలువునా చీల్చి పారెయ్యండి. చూడ్డానికి బాగుంది కదా అని ఎవడో ఒకడు తీసి వాడేస్తాడు" అన్నాడు. కాలిన పైపును ఆ రోజే చీల్చెయ్యాలనేది ఆ షెడ్డులో రెండో పద్ధతి. చీల్చేశామనే అందరూ అనుకున్నారు.

పానా లేచి నిలబడింది. బావ బూట్ల వైపు చూసింది. అద్దంలా మెరుస్తున్నాయి.

"నువ్వా?"

"పానా..."

"నువ్వా బావా? కాలిపోయిన పైపుకి పాలిష్ కొట్టి నాన్న చేతికిచ్చావా? దాన్లో నీ పెళ్లాన్నే కూర్చోబెట్టావా? పైగా నీళ్లలో పారేద్దామంటున్నావు! అక్క చస్తే ఏం చేసేవాడివి?"

ఆమె అరుపుకి షెడ్డు రేకుల మీది పావురాలు ఎగిరిపోయాయి. చేతిలో కత్తి ఉందన్న సంగతి ఆమెకు గుర్తు లేదు, బావకు మాత్రం బాగా గుర్తుంది. అయినా ఆయన వెనక్కి జరగలేదు. అక్కడే ఉన్న చెక్క పెట్టె మీద కూలబడి, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. మగవాళ్లు ఏడవడం పానా చూడకపోలేదు, కానీ బావ ఏడుస్తాడని ఆమె అనుకోలేదు. చావింట్లో కూడా ఏదో ఒక చతురు వేసి ఎవరినో ఒకరిని నవ్వించే మనిషి.

"డబ్బా నాదే" అన్నాడు చివరికి. "పూసింది నేను కాదు."

"మరెవరు?"

"నన్నడక్కు."

"ఎవరు బావా?"

"మీ అక్క."

పానా నవ్వింది. నవ్వొచ్చి కాదు, ఇంకేం చెయ్యాలో తెలియక. "అబద్ధాలాడితే అతికినట్టుండాలి. అక్క పాలిష్ పూసిందా? పూసి, అందులోకెళ్లి తనే కూర్చుందా?"

"అందుకే కూర్చుంది" అన్నాడు బావ.

ఆ మాట అర్థం కావడానికి పానాకు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక పక్కనున్న పడవ అంచు పట్టుకుని నిలబడింది.

బావ చెప్పుకుపోయాడు. ఆస్పత్రిలో ఇవాళ పొద్దున అక్కే చెప్పిందట, ముద్దముద్దగా, మాటకీ మాటకీ మధ్య ఆయాసపడుతూ. తెల్ల పడవకు పైపు తెప్పించమని నాన్న చెప్పాడు. తెప్పించింది. తీరా వచ్చాక చూస్తే ఒక కొలత తక్కువది. ఇంజను మూతి కంటే సన్నం. అది చూపిస్తే నాన్న ఏమంటాడో అక్కకు తెలుసు. కిందటి సారి ఇలాగే కొలత తప్పితే, పనివాళ్లంతా చూస్తుండగా, "పొగకి గొంతు నొక్కుతావా? నీ చేతికి తాళాలిచ్చిన నన్ననాలి. చిన్నదానికున్న బుద్ధిలో పిసరు కూడా నీకు లేదు" అన్నాడు. ఆ చిన్నది అక్కడే ఉంది, నవ్వింది కూడా. ఇప్పుడు ఆ సంగతి పానాకు గుర్తొచ్చి మొహం వేడెక్కింది.

"కాలిన పైపును చీల్చమని అప్పట్లో మీ నాన్న చెప్పింది కూడా మీ అక్కకే" అన్నాడు బావ. "కత్తి పట్టుకుని కూర్చుందట. నిక్షేపంలా ఉన్నదాన్ని కొయ్యడానికి చేతులు రాలేదట. తర్వాత చూద్దాంలే అని స్టోరు వెనక మేకుకి తగిలించింది. కొత్తది మళ్లీ తెప్పించడానికి వ్యవధి లేదు. లాయరు గారు పొద్దునా సాయంత్రం వచ్చి మీద కూర్చుంటున్నారు. ఆ కాలిన పైపు కొలత చూస్తే సరిగ్గా సరిపోయింది. దుమ్ము తుడిచి, నా డబ్బా తీసుకెళ్లి..."

"నాన్న చూడలేదా? పైపు చేతికొస్తే బొటనవేలితో అంగుళమంగుళం నొక్కి చూస్తాడే!"

"నొక్కాడట. తీగ ఉంది కదా, గట్టిగానే ఉంది. కొత్తదేనా అమ్మా అని అడిగాడట. అవును నాన్నా అందట."

ఇక్కడ నేనొక మాట చెప్పకుండా ఉండలేను. పెద్దమేస్త్రి ఎవరినీ నమ్మని మనిషి. ఇంజను చేసినవాణ్ణి నమ్మడు, క్లిప్పు అమ్మినవాణ్ణి నమ్మడు, తను నిన్న బిగించిన నట్టును ఇవాళ మళ్లీ తిప్పి చూసుకుంటాడు. అలాంటివాడు కూతురు అవునంటే ఊరుకున్నాడు. ఆ కూతురిని నోటికొచ్చినట్టు తిట్టేదీ ఆయనే, ఆమె మాటను మారు మాట లేకుండా నమ్మేదీ ఆయనే. ఇందులో ఏది ఎక్కువ చేటు చేసిందో నాకు తెలియదు.

"పడవ నీళ్లలోకి దిగే రోజు పొద్దున దానికి భయం పట్టుకుంది" అన్నాడు బావ. "ఏం కాదులే, చూడ్డానికి బాగానే ఉంది కదా అని సర్దిచెప్పుకుంది. అయినా మీ నాన్న చొక్కా విప్పి మేకుకి తగిలించి క్యాబిన్‌లోకి దిగబోతుంటే ఆగలేకపోయింది. ఒకవేళ ఏదైనా అయితే... నాన్నకి కాకూడదు అనుకుందట. అంతే."

ఆ రోజు పానా రేవులోనే ఉంది. అక్క నాన్న చెయ్యి పట్టుకుని వెనక్కి లాగడం చూసింది. "ఏంటక్కా, ఉన్నట్టుండి పడవ మీద మోజు పుట్టింది?" అని ఆటపట్టించింది. అక్క నవ్వలేదు. నాన్న మాత్రం అందరి వైపూ తిరిగి, "చూశారా, నా పని మీద మా పెద్దదానికున్న నమ్మకం!" అని మురిసిపోయాడు. ఆ మాట విని అక్క తలుపు వేసుకుంది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఆస్పత్రిలో నర్సు అక్క చేతులు తుడుస్తూ, "ఎంత రుద్దినా గోళ్లలో నలుపు పోవట్లేదమ్మా, ఏం పని చేస్తారు మీవాళ్లు?" అని అడిగింది. ఇంజను మడ్డి అయ్యుంటుందని పానా చెప్పింది. స్టోరులో కూర్చునే మనిషి గోళ్లలోకి ఇంజను మడ్డి ఎలా వస్తుందని ఆమెకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తన వేలి వైపు చూసుకుంది. అదే నలుపు.

ఆమెకు ఏడుపు రాలేదు. అక్క మీద కోపం తెచ్చుకోవాలని చూసింది, అది కుదరలేదు. జాలిపడాలని చూసింది, నాన్న దించుకున్న తల కళ్ల ముందుకొచ్చి అదీ కుదరలేదు.

బావ లేచి దగ్గరకొచ్చాడు. "నీ కాళ్లు పట్టుకుంటా పానా. మామయ్యకి చెప్పకు. తన చెయ్యి పట్టు తప్పిందనుకుంటేనే మనిషి సగమైపోయాడు. పెద్ద కూతురు అబద్ధం చెప్పి ఆయన చేతులతోనే ఆ పని చేయించిందని తెలిస్తే తట్టుకోలేడు. మీ అక్క కూడా తట్టుకోలేదు. ఆయన ముందు తలెత్తి నిలబడలేదు ఇంక."

"ఊరంతా నాన్నని అంటుంటే నేను నోరు మూసుకోవాలా?"

"ఊరు రెండ్రోజులు అంటుంది. మర్చిపోతుంది."

"నాన్న మర్చిపోడు బావా. జీవితంలో ఇంకో పైపు ముట్టుకోడు. చెయ్యి అంత చక్కగా ఉండి, అది పాడైందనుకుంటూ మంచం మీద కూర్చుంటాడు. నేను చెప్తాను. అక్కని ఏమీ అననివ్వను, నేను మధ్యలో నిలబడతాను. కానీ చెప్తాను." ఆమె గుడ్డతో చెయ్యి తుడుచుకుంది. "నాన్న ఎక్కడున్నాడు?"

"ఇంట్లోనే ఉండాలి. పొద్దున్నుంచి ఎవరికీ కనిపించలేదు. ఎవరి మొహం చూడాలనీ లేదన్నాడు రాత్రి."

వెళ్లబోతూ పానా ఆగింది. కోసిన పైపు వైపు మళ్లీ చూసింది. వంపు నుంచి అవతలి కొస దాకా కళ్లతోనే కొలిచింది. ఏదో లెక్క తప్పింది.

"బావా, ఆ పెద్ద పడవ పైపు చాలా పొడుగు కదా. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేదు. ఇది దాంట్లో సగమే. మిగతా సగం ఏది?"

"స్టోరులోనే ఉంటుంది. కోసి సగం మామయ్యకిచ్చింది, సగం మళ్లీ మేకుకి తగిలించింది."

"దానికీ పాలిష్ పూసిందా?"

బావ స్టోరు వైపు చూశాడు. "మొత్తం పూసే కోసింది" అన్నాడు.

"పద. ముందు దాన్ని చీల్చేద్దాం. తర్వాతే నాన్న, తర్వాతే ఏదైనా."

స్టోరు తలుపు దగ్గరగా వేసి ఉంది, తాళం లేదు. లోపల అరల్లో నట్లూ బోల్టులూ అక్క సర్దినట్టే వరుసగా ఉన్నాయి. వెనక గోడకు పెద్ద మేకు. మేకుకి ఏమీ లేదు. మేకు చుట్టూ సున్నం మీద గుండ్రంగా నల్లటి మరక మాత్రం ఉంది.

కింద నేల మీద ప్లాస్టిక్ గిన్నె. పానా వంగి అందులో వేలు ముంచింది. సబ్బు నీళ్లు. నురగ ఇంకా చావలేదు.

పైప్రాణాలు పైనే పోవడం అంటే ఏమిటో పానాకు అప్పుడు తెలిసింది. బావ వైపు చూసింది. బావ కూడా గిన్నెనే చూస్తున్నాడు. ఆమె బయటికి పరిగెత్తింది.

బయట నిచ్చెన మీద రంగులాయన ఒక పడవ పక్కకు రంగు వేస్తున్నాడు. ఎంత అవసరమున్నా చేతిలో కుంచె ఆపడు, మాట ఆపడు.

"నాన్నని చూశావా?"

"చూడకేం తల్లీ! తెల్లారకముందే వచ్చాడు. మరమ్మతుకొచ్చిన నీలం పడవకి పైపు మారుస్తానని ఇందాకటిదాకా కూర్చున్నాడు. నేను సాయం పడతానంటే దగ్గరికి రానియ్యలేదు. ఒక్కో క్లిప్పూ నాలుగుసార్లు చూసుకున్నాడు పాపం. నా చెయ్యి వణుకుతుందో లేదో ఇవాళ అందరికీ తెలుస్తుంది అన్నాడు. మొండిమనిషి, ఏం చేస్తాం."

"ఇప్పుడెక్కడ?"

"ఇంకెక్కడ, క్యాబిన్‌లో. బిగించినవాడు కూర్చోవాలి కదా! పడవ నడిపే సరంగు తీసుకెళ్లాడు, దీపస్తంభం దాకా పోయి రమ్మని మీ నాన్నే చెప్పాడు." రంగులాయన కుంచె డబ్బాలో ముంచి, అంచుకి తుడిచి, నవ్వాడు. "ఈసారి నువ్వు గానీ, ఇంకెవరన్నా గానీ అడ్డొచ్చి దింపేస్తారని తలుపు బయటినుంచి నన్నే గడియ పెట్టమన్నాడు. తను లోపల్నించి తట్టేదాకా తియ్యొద్దని సరంగు దగ్గర ఒట్టు కూడా వేయించుకున్నాడు."

రంగులాయన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. పానా మొహం చూసి కుంచె జారవిడిచాడు.

ఆమె రేవు మీద పరిగెత్తుతోంది. వెనక బావ ఫోను చెవిలో పెట్టుకుని పరిగెత్తుతున్నాడు. ఎక్కడో ఫోను మోగింది. దగ్గర్లోనే మోగింది. రేవు చివర గుంజకు కొట్టిన మేకుకి నాన్న చొక్కా వేలాడుతోంది. జేబులో ఫోను వెలుగుతూ మోగుతూనే ఉంది.

"సరంగుకి చెయ్యి బావా! సరంగుకి!"

"చేస్తున్నా! ఎత్తట్లేదు! ఇంజను పక్కన నిలబడి నిలబడి చెవుడు వచ్చిన మనిషి, ఎలా వినపడుతుంది?"

నీలం పడవ రేవు దాటి నిదానంగా పోతోంది. మరీ దూరమేం పోలేదు. క్యాబిన్ తలుపుకి అడ్డంగా పెట్టిన గడియ ఎండకి మెరుస్తోంది. కిటికీలు మూసి ఉన్నాయి. సరంగు బయట చుక్కాని దగ్గర నిలబడి ఉన్నాడు, క్యాబిన్‌కు వీపు పెట్టి.

పానా పడవ వెనక భాగం వైపు చూసింది. పడవ ఆరోగ్యం వెనక చూడాలని నాన్న చిన్నప్పుడే నేర్పాడు. నీళ్లూ పొగా కలిసి బుడుక్కు బుడుక్కుమని కక్కుతూ ఉండాలి. కక్కుతోంది. ఆమె ఊపిరి పీల్చుకుంది. మళ్లీ కక్కింది, ఈసారి కాస్త తక్కువగా. ఆ తర్వాత సన్నని ధారలా వచ్చింది.

ఆ తర్వాత ఏమీ రాలేదు.

ఇంజను చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది, గొంతు నొక్కినట్టు, బరువుగా.

"నాన్నా!"

పానా రెండు చేతులూ పైకెత్తి పిచ్చిదానిలా ఊపింది. ఎగిరింది, అరిచింది, నాన్న చొక్కా మేకు మీంచి లాగి తల మీద గిరగిరా తిప్పింది. ఆమె అరుపులు నీళ్ల మీద ఎక్కడికి పోయాయో గానీ, చొక్కా మాత్రం సరంగు కంటపడింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. పెద్దమేస్త్రి చిన్న కూతురు తండ్రి పడవను సాగనంపడానికి వచ్చిందనుకున్నాడు. మొహమంతా నవ్వుతో తనూ చెయ్యెత్తి ఊపాడు.

ఊపి, ముందుకు తిరిగి, ఇంజను జోరు పెంచాడు.